రుజువు భారం ఎవరిది?

ఫ్రాంక్ కామెనీ అమెరికాలో స్వలింగ ప్రేమికుల హక్కుల కోసం యాభై ఏళ్లు పోరాడిన నాయకుడు. ఆయన చదివింది ఖగోళశాస్త్రం. లా కాలేజీ గడప తొక్కకుండానే సుప్రీంకోర్టుకు పిటిషన్ రాసుకున్నారు. వైద్యం చదవకుండానే మనోవైద్యుల మహాసభలో నిలబడి వాళ్ల సిద్ధాంతాలను నిలదీశారు. ఆయన ఉద్యమ జీవితాన్ని మొదటి నుంచి చివరి దాకా చూస్తే ఒక్క ప్రశ్నే మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ఒక మనిషి మీద అనర్హుడు, రోగి, దేశానికి ప్రమాదకారి అని ముద్ర వేసినప్పుడు, ఆ మాట నిజమని రుజువు చేయాల్సింది ఎవరు? ముద్ర వేసినవాళ్లా, ముద్ర పడినవాడా? కామెనీకి ముందున్న చాలామంది తాము మంచివాళ్లమేనని లోకాన్ని ఒప్పించడానికే పాటుపడ్డారు. కామెనీ ఆ బరువును తీసి ఎదుటివాళ్ల భుజాల మీద పెట్టారు. ఆయన సాధించినవన్నీ ఈ ఒక్క మార్పు నుంచే వచ్చాయి.

ఆయన 1925 మే 21న న్యూయార్క్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడే ఆకాశం మీద మనసు పడింది. హైస్కూలు త్వరగా ముగించి, పదహారేళ్లకే క్వీన్స్ కాలేజీలో భౌతికశాస్త్రం చదవడానికి చేరారు. రెండో ప్రపంచ యుద్ధం ఆ చదువును మధ్యలో ఆపింది. 1943లో సైన్యంలో చేరి యూరప్ రణరంగంలో మోర్టార్ దళంలో పనిచేశారు. సైన్యంలో చేరేటప్పుడు అధికారులు ఆయనను స్వలింగ మోహం ఉందా అని అడిగారు. ఆయన లేదన్నారు. దేశం కోసం ప్రాణాలిద్దామని వెళ్లినవాడు ముందుగా అబద్ధం చెప్పాల్సి రావడం ఆయన మనసులో ముల్లులా దిగింది. ఎనభై దాటిన వయసులో కూడా ఆ అబద్ధం గురించి బాధతో మాట్లాడేవారు.

యుద్ధం తర్వాత డిగ్రీ పూర్తి చేసి హార్వర్డ్‌లో చేరి, 1956లో ఖగోళశాస్త్రంలో డాక్టరేట్ అందుకున్నారు. వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే చంచల తారల మీద ఆయన పరిశోధన సాగింది. పర్యవేక్షించినది సెసీలియా పేన్ గపోష్కిన్. నక్షత్రాలలో ఎక్కువగా ఉన్నది హైడ్రోజన్ అని 1925లోనే తేల్చిన శాస్త్రవేత్త ఆమె. అప్పటి పెద్దలు మొదట ఆమె మాట నమ్మలేదు. కొలతలు ఆమె పక్షాన ఉండడంతో చివరికి పెద్దలే దిగి వచ్చారు. అలాంటి గురువు దగ్గర తయారైన కామెనీకి పెద్దలన్నారు కాబట్టి నిజం అనే మాట ఎన్నడూ రుచించలేదు. సమాజానికీ తనకూ ఒక విషయంలో తేడా వస్తే ఇంకోసారి పరిశీలించి చూస్తానని, అప్పటికీ తేడా మిగిలితే తప్పు సమాజానిదేనని ఆయన అనేవారు. పైకి ఇది మొండితనంలా కనిపిస్తుంది. కానీ ఆ మాటలో ఇంకోసారి పరిశీలించడం అనే షరతు ఉంది. పరిశీలించకుండా పట్టుబట్టేది మొండితనం. పరిశీలించాక నిలబడేది నిశ్చయం.

జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో ఒక ఏడాది పాఠాలు చెప్పాక, 1957 జూలైలో వాషింగ్టన్‌లోని ఆర్మీ మ్యాప్ సర్వీస్‌లో ఖగోళ శాస్త్రవేత్తగా ఉద్యోగంలో చేరారు. ఖండానికీ ఖండానికీ మధ్య దూరాన్ని కచ్చితంగా లెక్కగట్టడానికి ఆ సంస్థకు ఆకాశం చదివినవాళ్లు కావలసి వచ్చారు. అదే ఏడాది అక్టోబర్‌లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించింది. అమెరికాకు అంతరిక్షం తెలిసినవాళ్ల అవసరం ఎన్నడూ లేనంతగా పెరిగిన రోజులవి. సరిగ్గా ఆ రోజుల్లోనే కామెనీకి పిలుపు వచ్చింది. ఇద్దరు అధికారులు ఎదురుగా కూర్చుని, మీరు స్వలింగ ప్రేమికులని అనుకోవడానికి మా దగ్గర సమాచారం ఉంది, ఏమంటారు అని అడిగారు. ఆ సమాచారమేమిటని ఆయన అడిగారు. అది చెప్పడం కుదరదన్నారు. అలాగైతే తాను జవాబు చెప్పడమూ కుదరదని, అసలది వాళ్లకు సంబంధించిన విషయమే కాదని ఆయన అన్నారు. 1957 చివర్లో ఉద్యోగం పోయింది. 1958 జనవరిలో ఏ ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగానికీ పనికిరాకుండా సివిల్ సర్వీస్ కమిషన్ ఆయన మీద నిషేధం పెట్టింది.

ఇది ఆయన ఒక్కరికే వచ్చిన కష్టం కాదు. 1950 నుంచి అమెరికా రాజధానిలో కమ్యూనిస్టుల వేటతో పాటు స్వలింగ ప్రేమికుల వేట కూడా నడిచింది. 1953 ఏప్రిల్ 27న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన 10450వ కార్యనిర్వాహక ఉత్తర్వు, ప్రభుత్వ ఉద్యోగానికి అనర్హతల జాబితాలో లైంగిక వికృతిని చేర్చింది. వేలమంది ఉద్యోగాలు పోయాయి. వీళ్ల రహస్యం పట్టుకుని శత్రుదేశాల గూఢచారులు బెదిరిస్తారని, కాబట్టి వీళ్లను నమ్మలేమని ప్రభుత్వం వాదించింది. అయితే ఆ రహస్యం బయటపడితే ఉద్యోగం ఊడగొట్టేది ఎవరు? అదే ప్రభుత్వం. బెదిరింపుకు బలమిచ్చే భయాన్ని తానే పుట్టించి, ఆ భయాన్నే నేరంగా చూపించడం ఆ వాదంలోని లోపం. తర్వాతి కాలంలో కామెనీ ఈ లోపాన్ని ఎన్నో విచారణల్లో ఎత్తి చూపారు.

ఆ రోజుల్లో ఉద్యోగం పోయినవాళ్లలో చాలామంది నోరు మెదపకుండా రాజీనామా ఇచ్చి ఊరు విడిచి వెళ్లిపోయేవాళ్లు. బయటికి తెలిస్తే పరువు పోతుందన్న భయమే ప్రభుత్వానికి అండ. కామెనీ కోర్టుకెక్కారు. ఆయన చదువుకు తగిన ఉద్యోగాలన్నిటికీ ప్రభుత్వ భద్రతా అనుమతి కావాలి. ఆ అనుమతి ఆయనకు రాదు. దాచుకున్న డబ్బు అయిపోయింది. 1959లో దాదాపు ఎనిమిది నెలలు రోజుకు ఇరవై సెంట్ల తిండితో బతికారు. ఉడికించి మెదిపిన బంగాళాదుంపలు, చవక సాసేజీలు. ఏ రోజైనా ఇంకో ఐదు సెంట్లు చేతిలో ఉంటే ఆ దుంపల మీద కాస్త మార్జరిన్ వేసుకునేవారు. హార్వర్డ్ డాక్టరేట్ పొందిన శాస్త్రవేత్తకు ఆ మార్జరిన్ ముక్క పండగ భోజనమైంది. ఒక ప్రభుత్వ ఉత్తర్వు మనిషి కంచం దాకా ఎలా వస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

కింది కోర్టులో, అప్పీలు కోర్టులో ఓడిపోయాక ఆయన వకీలు ఇక లాభం లేదని తప్పుకున్నారు. ఎలా రాయాలో నియమాలు తెలుసుకుని, సుప్రీంకోర్టుకు పిటిషన్‌ను కామెనీ స్వయంగా తయారుచేశారు. 1961 జనవరిలో దాఖలైన ఆ కాగితాలకు అమెరికా న్యాయ చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. స్వలింగ ప్రేమ కారణంగా వివక్ష చూపడం పౌరహక్కుల ఉల్లంఘన అని ఆ దేశ అత్యున్నత న్యాయస్థానం ముందు సూటిగా వాదించిన మొదటి పత్రం అదే. జాతిని బట్టో మతాన్ని బట్టో పౌరులను రెండో తరగతివాళ్లుగా చూడడం ఎంత తప్పో ఇదీ అంతే తప్పని ఆయన రాశారు. ఆ కాలంలో సానుభూతిపరులు కూడా దయ చూపమని మాత్రమే అడిగేవారు. ఆయన పిటిషన్‌లో ఎక్కడా దయాభిక్ష లేదు. ప్రభుత్వం చెప్పిన ప్రతి కారణాన్నీ తీసుకుని దీనికి ఆధారమేదని అడిగారు. ఆ ఏడాది మార్చిలో కోర్టు కేసు వినకుండానే తిరస్కరించింది.

తలుపులన్నీ మూసుకున్నాయని తెలిశాక కామెనీ ఒంటరి పోరాటం ఆపి సంఘం కట్టే పనిలో పడ్డారు. 1961 మే నెలలో అధ్యక్షుడు కెన్నెడీకి ఉత్తరం రాశారు. దేశం నీకేమిస్తుందని కాదు, దేశానికి నువ్వేమివ్వగలవో అడుగు అని కెన్నెడీ పిలుపునిచ్చి అప్పటికి నాలుగు నెలలు. తానేమివ్వగలడో తనకు తెలుసని, ఇవ్వనీయకుండా అడ్డుపడుతున్నది తన దేశ ప్రభుత్వమేనని కామెనీ అందులో చెప్పారు. నవంబర్‌లో జాక్ నికల్స్‌తో కలిసి మాటషీన్ సొసైటీ ఆఫ్ వాషింగ్టన్‌ను స్థాపించారు. మాటషీన్ పేరుతో 1950లోనే లాస్ ఏంజెలెస్‌లో హ్యారీ హే ఒక సంఘం మొదలుపెట్టారు. తర్వాత అలాంటి సంఘాలు అక్కడక్కడా ఏర్పడ్డాయి. అవి చాలావరకు తలుపులు వేసుకుని మాట్లాడుకునేవి, నిపుణులను పిలిపించి ఉపన్యాసాలు ఇప్పించుకునేవి. స్వలింగ ప్రేమ రోగమనే డాక్టర్లను కూడా మర్యాదగా కూర్చోబెట్టి వినేవి. కామెనీ సంఘం ఆ దారిలో నడవలేదు. సభ్యుల్లో చాలామంది భద్రత కోసం మారుపేర్లు వాడినా, ఆయన మాత్రం ప్రతి కాగితం మీదా అసలు పేరుతోనే సంతకం పెట్టారు.

సంఘం తన ఉద్దేశాలు చెబుతూ కాంగ్రెస్ సభ్యులకు, మంత్రివర్గానికి, న్యాయమూర్తులకు ఉత్తరాలు పంపింది. మిస్సోరీకి చెందిన ఒక సభ్యుడు ఇలాంటి చెత్తతో తన టపాను మైలపరచవద్దని 1962లో జవాబు రాశాడు. సంఘం పత్రిక ఎఫ్‌బీఐ అధిపతి జె. ఎడ్గర్ హూవర్‌కు కూడా వెళ్లేది. తమ డైరెక్టర్ పేరు ఆ జాబితా నుంచి తీసేయమని ఎఫ్‌బీఐ అడిగింది, సంఘం ఒప్పుకోలేదు. మనుషుల రహస్యాలు పోగేసి భయపెట్టే సంస్థకు తమ విషయాలను తామే తపాలాలో పంపడంతో ఆ భయానికి ఆధారం లేకుండా పోయింది. 1963లో టెక్సస్ సభ్యుడు జాన్ డౌడీ, ఈ సంఘానికి విరాళాలు వసూలు చేసే అనుమతి రద్దు చేయాలని బిల్లు తెచ్చాడు. ఆగస్టులో కామెనీ ఆ బిల్లును విచారించిన ఉపసంఘం ముందు గంటల తరబడి కూర్చుని, ఎగతాళి ప్రశ్నలకు ఒక్కొక్కదానికి ఓపికగా జవాబిచ్చారు. ఆ బిల్లు చట్టం కాలేదు. అది తెచ్చిన ప్రచారంతో దేశంలో ఇలాంటి సంఘం ఒకటుందని చాలామందికి తెలిసింది.

అదే 1963 ఆగస్టు 28న మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగించిన వాషింగ్టన్ మహాప్రదర్శనకు కామెనీ, ఆయన సహచరులు వెళ్లారు. నల్లజాతి ప్రజల హక్కుల కోసం రెండు లక్షల మందికి పైగా కదలివచ్చి నిలబడిన ఆ దృశ్యం వాళ్ల మనసుల్లో ఒక ప్రశ్న వేసింది. మనం ఎందుకు వీధిలోకి రాకూడదు? రెండేళ్ల తర్వాత జవాబు దొరికింది. క్యూబాలో స్వలింగ ప్రేమికులను శ్రమ శిబిరాలకు పంపుతున్నారన్న వార్త వచ్చింది. క్యూబాను తప్పుపట్టే అమెరికా తన ఇంట్లో ఏం చేస్తున్నదో అడగాలని నికల్స్ అన్నారు. 1965 ఏప్రిల్ 17న పదిమంది శ్వేతసౌధం ముందు ప్లకార్డులతో వరుసగా నడిచారు. ఏడుగురు మగవాళ్లు, ముగ్గురు ఆడవాళ్లు.

ఆ వరుసను దగ్గరగా చూస్తే కామెనీ పద్ధతి అర్థమవుతుంది. మగవాళ్లంతా సూటు, టై వేసుకుని, బూట్లకు పాలిష్ పెట్టుకుని వచ్చారు. ఆడవాళ్లు ఆఫీసుకు వెళ్లే దుస్తుల్లో వచ్చారు. ప్లకార్డుల మీద అక్షరాలు కొలతపెట్టి రాసినట్టు సమానంగా ఉన్నాయి. ఒకరి వెనక ఒకరు నిర్ణీత దూరంలో, అరుపులూ కేకలూ లేకుండా, గుండ్రంగా నడిచారు. ఉద్యోగం కావాలని అడిగేవాళ్లు ఉద్యోగానికి తగినట్టు కనిపించాలన్నది కామెనీ నియమం. అక్కడున్న ప్రతి ఒక్కరూ ఫోటోలో ముఖం పడితే ఉద్యోగం పోవచ్చని, ఇంటి యజమాని ఖాళీ చేయమనవచ్చని, తల్లిదండ్రులు గడప తొక్కనివ్వకపోవచ్చని తెలిసే వచ్చారు. పదిమంది నడక దేశ చరిత్రలో నిలిచిపోవడానికి ఆ ధైర్యమే కారణం.

ఆ ఏడాదే పెంటగాన్ ముందు, సివిల్ సర్వీస్ కమిషన్ ముందు, విదేశాంగ శాఖ ముందు ప్రదర్శనలు జరిగాయి. జూలై 4న ఫిలడెల్ఫియాలోని ఇండిపెండెన్స్ హాల్ దగ్గర బార్బరా గిటింగ్స్‌తో పాటు దాదాపు నలభై మంది నడిచారు. స్వాతంత్ర్య ప్రకటన పుట్టిన చోట, ఆ ప్రకటన ఇచ్చిన మాట తమకింకా అందలేదని గుర్తుచేయడం వాళ్ల ఉద్దేశం. 1969 దాకా ఏటా అదే రోజున, అదే చోట ఇది సాగింది. గిటింగ్స్ న్యూయార్క్‌లో మొదలుపెట్టి దేశమంతా పనిచేసిన నాయకురాలు, తర్వాతి కాలంలో గ్రంథాలయాల్లో స్వలింగ ప్రేమ గురించి నిజాయితీగా రాసిన పుస్తకాలకు చోటు సంపాదించినవారు. ఆమె స్నేహం, తోడు లేకుండా కామెనీ పోరాటం సగమే అయ్యేది.

ఆయనకు స్ఫూర్తి నల్లజాతి ఉద్యమమని ఆయన ఎన్నడూ దాచలేదు. నలుపు అందమైనదని స్టోక్లీ కార్మైకేల్ నాయకత్వంలో యువకులు నినదించడం టీవీలో చూశాక, తమవాళ్లకూ అలాంటి మాట ఒకటి కావాలనిపించింది. 1968లో ఆయన గే ఈజ్ గుడ్, అంటే స్వలింగ ప్రేమ మంచిది, అనే నినాదం తయారుచేశారు. ఆ ఆగస్టులో షికాగోలో జరిగిన సంఘాల సమావేశం దాన్ని స్వీకరించింది. తన జీవితంలో ఒక్కటి మాత్రమే గుర్తుంచుకోమంటే ఈ మూడు మాటలే గుర్తుంచుకోమనేవారు. రోగం కాదు, నేరం కాదు, పాపం కాదు అని ఎన్నిసార్లు చెప్పినా, వాటిలో లోకం వేసిన ముద్రలకు జవాబే ఉంటుంది. మంచిది అన్న మాట దేనికీ జవాబు కాదు. అది తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. రోజూ అద్దంలో తన ముఖాన్ని అనుమానంగా చూసుకునే యువకుడికి చట్టం మారేదాకా ఆగే ఓపిక ఉండదు. వాడికి ఈ రోజే ఊపిరి కావాలి. ఆ ఊపిరి ఈ మూడు మాటల్లో ఉంది.

1969 జూన్ 28న న్యూయార్క్‌లోని స్టోన్‌వాల్ బార్ మీద పోలీసులు దాడి చేసినప్పుడు అక్కడివాళ్లు తిరగబడ్డారు. వారం తిరగకుండా ఫిలడెల్ఫియాలో జరిగిన జూలై 4 ప్రదర్శనలో ఇద్దరు యువతులు చేయీ చేయీ పట్టుకుని నడిచారు. నియమం తప్పారని కామెనీ వాళ్ల చేతులు విడదీశారు. యువతరానికి కోపం వచ్చింది. సూటూ బూటూ వేసుకుని అర్హత చూపించుకోవడం కూడా ఒక విధంగా ముద్ర వేసినవాళ్ల షరతుకు తలవంచడమేనని వాళ్లకు అనిపించింది. ఆ మాటలో న్యాయం ఉంది. రుజువు భారం ఎదుటివాళ్లదే అయితే, టై కట్టుకుని వచ్చి తన మర్యాదను తాను రుజువు చేసుకోవాల్సిన పనేముంది? కామెనీ తన సూత్రానికే తాను పూర్తిగా అందలేకపోయిన చోటు ఇది. అయినా అలిగి ఇంట్లో కూర్చోలేదు. మరుసటి ఏడాది జూన్ 28న న్యూయార్క్‌లో వేలమందితో జరిగిన తొలి ఊరేగింపులో తన సంఘంతో కలిసి నడిచారు.

వైద్యరంగంలో ఆయన ప్రశ్న మరింత పదునుగా పనిచేసింది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన రోగాల జాబితాలో స్వలింగ ప్రేమను మానసిక వ్యాధిగా చేర్చింది. రోగమన్న మాట ఒక్కటి చాలు, ఉద్యోగం తీసేయడానికి, పిల్లలను తల్లి నుంచి వేరు చేయడానికి, ఆసుపత్రిలో కరెంటు షాకులు ఇవ్వడానికి. కామెనీ మనోవైద్య గ్రంథాలను శాస్త్రవేత్తగా చదివారు. చికిత్స కోసం వచ్చినవాళ్లను మాత్రమే చూసి, స్వలింగ ప్రేమికులంతా రోగులేనని వైద్యులు తేల్చారని ఆయనకు అర్థమైంది. జ్వరం వచ్చినవాళ్లను మాత్రమే చూసిన డాక్టరు ఊరంతా జ్వరమేననడం లాంటిదిది. 1957లో మనస్తత్వవేత్త ఎవెలిన్ హుకర్ ప్రచురించిన అధ్యయనం అప్పటికే ఉంది. ముప్పైమంది స్వలింగ ప్రేమికులకు, మరో ముప్పైమందికి అవే మానసిక పరీక్షలు పెట్టి, ఎవరు ఎవరో చెప్పకుండా ఆ జవాబులను నిపుణులకు ఇస్తే వాళ్లు తేడా పట్టలేకపోయారు. రోగమని రుజువు చేసే సరైన ఆధారం లేనంతవరకు అది రోగం కాదని 1965 మార్చిలో కామెనీ తన సంఘం చేత తీర్మానం చేయించారు. సొంతవాళ్లలోనే కొందరు, అది తేల్చాల్సింది డాక్టర్లు కదా అని జంకారు.

1971లో ఆ వైద్యుల మహాసభ వాషింగ్టన్‌లో జరిగింది. యువకులతో కలిసి లోపలికి చొచ్చుకుపోయిన కామెనీ మైకు అందుకుని, మనోవైద్యం తమ మీద యుద్ధం చేస్తున్నదని గట్టిగా చెప్పారు. మరుసటి ఏడాది డాలస్ సభలో ఆయనకూ గిటింగ్స్‌కూ వేదిక మీదే చోటు దొరికింది. వాళ్ల పక్కన వదులైన కోటు, విగ్గు, ముఖాన్ని కప్పిన రబ్బరు ముసుగు వేసుకుని ఒక వ్యక్తి కూర్చున్నాడు. మైకులో అతని గొంతు మారి వినిపించింది. తాను స్వలింగ ప్రేమికుడినని, మనోవైద్యుడినని, ఈ రెండూ తెలిస్తే ఉద్యోగం పోతుందని అతను చెప్పాడు. అతను డాక్టర్ జాన్ ఫ్రయర్. తన వృత్తివాళ్ల సభలోనే ఒక డాక్టరు ముఖం దాచుకోవాల్సి వచ్చిందంటే, జబ్బు ఎక్కడుందో సభలోని వాళ్లు కళ్లారా చూశారు. 1973 డిసెంబర్ 15న ఆ సంఘం ధర్మకర్తలు స్వలింగ ప్రేమను రోగాల జాబితా నుంచి తీసేశారు. కొందరు సభ్యులు పట్టుబట్టి 1974లో ఓటింగ్ పెట్టించినా, 58 శాతం మంది ఆ నిర్ణయాన్నే సమర్థించారు.

ఆ నిర్ణయం అమెరికాతో ఆగలేదు. 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు నాజ్ ఫౌండేషన్ కేసులో, పరస్పర సమ్మతితో పెద్దలు ఏకాంతంలో చేసేవాటికి భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ వర్తించదని తీర్పు ఇచ్చినప్పుడు, స్వలింగ ప్రేమ వ్యాధి కాదన్న వైద్యరంగ అభిప్రాయాన్ని ఆధారాల్లో ఒకటిగా తీసుకుంది. 2013లో భారత సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 2018 సెప్టెంబర్ 6న అదే సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మళ్లీ ఆ హక్కును నిలబెట్టింది.

తన జీవితాన్ని తలకిందులు చేసిన ఉద్యోగ నిషేధం మీద కామెనీ పోరు ఇంతకాలమూ ఆగలేదు. కోర్టులో ఓడింది తన కేసు మాత్రమే కాబట్టి, ఇతరుల కేసులు పట్టుకున్నారు. తొలగింపు నోటీసు అందినవాళ్లు ఆయనకు ఫోన్ చేసేవారు. ఏమీ ఒప్పుకోవద్దు, ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు, వాళ్ల దగ్గరున్న ఆధారమేమిటో అడగండి అని చెప్పేవారు. న్యాయవాద పట్టా లేకున్నా విచారణల్లో వాళ్ల పక్షాన కూర్చుని వాదించేవారు. ఆయన సంఘం కార్యదర్శి బ్రూస్ స్కాట్ కేసులో 1965లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు, అనైతిక ప్రవర్తన అని అస్పష్టంగా ముద్ర వేస్తే చాలదని చెప్పింది. నాసా ఉద్యోగి క్లిఫర్డ్ నార్టన్ కేసులో 1969 జూలై 1న అదే కోర్టు ఇంకో అడుగు వేసింది. స్టోన్‌వాల్ తిరుగుబాటు జరిగి అప్పటికి మూడు రోజులు. ఉద్యోగి సొంత జీవితానికీ ఆఫీసు పని దెబ్బతినడానికీ సంబంధముందని ప్రభుత్వమే చూపించాలని న్యాయమూర్తి బాజెలాన్ రాశారు. కామెనీ ఎనిమిదేళ్ల ముందు తన పిటిషన్‌లో అడిగింది ఇదే. 1975 జూలై 3న సివిల్ సర్వీస్ కమిషన్ స్వలింగ ప్రేమికుల మీద నిషేధాన్ని ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. ఆయన ఉద్యోగం పోయి పద్దెనిమిదేళ్లు కావస్తోంది.

మిగతా పోరాటాలకు ఇంకా ఎక్కువ కాలం పట్టింది. 1971లో వాషింగ్టన్ నగరం నుంచి కాంగ్రెస్‌లో ఓటు లేని ప్రతినిధి పదవికి పోటీ చేశారు. తాను గే అని బహిరంగంగా చెప్పి కాంగ్రెస్ ఎన్నికల్లో నిలబడిన మొదటి వ్యక్తి ఆయనే. వచ్చినవి 1.6 శాతం ఓట్లు. కానీ ఆ ప్రచారంలో పనిచేసిన బృందం నగరంలో శాశ్వత సంఘంగా మారింది. సైన్యంలోని నిషేధాన్ని ఎదిరించడానికి మచ్చలేని సైనికుడి కోసం వెతుకుతుండగా లెనార్డ్ మాట్లోవిచ్ దొరికారు. వియత్నాంలో పోరాడి పతకాలు పొందిన వైమానిక దళ సార్జెంట్ ఆయన. 1975లో తన సంగతి తానే పై అధికారికి రాసిచ్చారు. ఆ సెప్టెంబర్‌లో యూనిఫాంలో ఉన్న ఆయన ఫోటో టైమ్ పత్రిక ముఖచిత్రమైంది. స్వలింగ ప్రేమను నేరంగా చూసే నగర చట్టం రద్దు కోసం కామెనీ 1963లో మొదలుపెట్టిన పని 1993లో పూర్తయింది. రద్దు చట్టం ముసాయిదా రాసిందీ ఆయనే. భద్రతా అనుమతుల్లో లైంగికతను బట్టి వివక్ష చూపరాదన్న ఉత్తర్వు 1995లో వచ్చింది.

ఈ పనుల్లో చాలావాటికి ఆయనకు జీతం లేదు. స్థిరమైన ఉద్యోగం మళ్లీ దొరకలేదు. ఆకాశం చూసే వృత్తికి ఇక తిరిగి వెళ్లలేకపోయారు. ముసలితనంలో మిత్రుల సాయంతో గడిపారు. ఇంటి అటక మీద 1965 నాటి ప్లకార్డులు, నలభై ఏళ్ల ఉత్తరాలు పేరుకుపోయాయి. 2006లో ఆ కాగితాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు, ప్లకార్డులు స్మిత్సోనియన్ వారి అమెరికా చరిత్ర మ్యూజియంకు చేరాయి. స్వాతంత్ర్య ప్రకటనను జెఫర్సన్ ఏ చిన్న రాతబల్ల మీద రాశారో ఆ బల్ల ఉన్నది కూడా ఆ మ్యూజియంలోనే.

2009 జూన్‌లో వాషింగ్టన్‌లో ఒక సభ జరిగింది. పాత సివిల్ సర్వీస్ కమిషన్ స్థానంలో వచ్చిన పర్సనల్ మేనేజ్‌మెంట్ ఆఫీసు డైరెక్టర్ జాన్ బెర్రీ, అమెరికా ప్రభుత్వం తరఫున కామెనీకి రాతపూర్వకంగా క్షమాపణ చెప్పారు. బెర్రీ స్వయంగా గే అని అందరికీ తెలుసు. యాభై ఏళ్ల ముందు కామెనీని ఏ కారణంతో తరిమేశారో, అదే కారణమున్న మనిషి అదే వ్యవస్థకు అధిపతిగా ఆ కాగితం మీద సంతకం చేశారు. ఎనభై నాలుగేళ్ల కామెనీ అక్కడికక్కడే క్షమాపణ స్వీకరించానన్నారు. 2010 డిసెంబర్ 22న సైన్యంలో స్వలింగ ప్రేమికులు తమ సంగతి దాచిపెట్టాలనే చట్టాన్ని రద్దు చేస్తూ అధ్యక్షుడు ఒబామా సంతకం పెట్టినప్పుడు ఆయన ముందు వరుసలో కూర్చున్నారు. 1943లో చెప్పాల్సి వచ్చిన అబద్ధం ఇక ఏ కుర్రవాడూ చెప్పనవసరం లేదు.

2011 అక్టోబర్ 11న ఆయన తన ఇంట్లో కన్నుమూశారు. దాచుకోకుండా తమ సంగతి బయటికి చెప్పుకునే రోజుగా అమెరికాలో ఏటా పాటించే దినం అది. మరుసటి ఏడాది అంగారకుడికీ బృహస్పతికీ మధ్య తిరిగే 40463వ గ్రహశకలానికి ఖగోళశాస్త్రజ్ఞులు ఆయన పేరు పెట్టారు. బతికుండగా ఆయన తిరిగి వెళ్లలేకపోయిన రంగం ఆయనను అలా తనవాడిని చేసుకుంది. 1957లో ఇద్దరు అధికారుల ఎదుట కూర్చుని, మీ దగ్గరున్న సమాచారమేమిటని అడిగిన ప్రశ్నకు ప్రభుత్వం జవాబివ్వడానికి అర్ధశతాబ్దం పట్టింది. ఆయనను తరిమేయడానికి న్యాయమైన కారణం ఏనాడూ లేదన్నదే ఆ జవాబు. అది క్షమాపణ రూపంలో వచ్చింది.